డేరా ఎత్తేశారు... గుర్తులెక్కడ?

హైదరాబాదు మెట్రో రైల్లో అమీర్‌పేటలో ఎక్కి నాగోలు వైపు పోతున్నాం. పక్కన మా బంధువుల కుర్రాడు. కాలేజీలో చదువుతున్నాడు. సినిమా పిచ్చి నరనరానా జీర్ణించుకుపోయిన ఘటం! సొంతూరు పల్నాడు జిల్లా నూజెండ్ల మండలంలో ఓ చిన్న పల్లె. రసూల్‌పురా దాటాక రైల్లో గొంతు పలికింది... తర్వాతి స్టేషను ప్యారడైజ్ అని.

"బాబాయ్, బిర్యానీ హోటలు పేరు స్టేషనుకి పెట్టేశారే! ఎంత గొప్ప హోటలయితే మాత్రం..." అన్నాడు మావాడు.

"హోటలుకి ఆ పేరెలా వచ్చిందో తెలుసా?" అన్నాను.

తెల్లమొహం వేశాడు. వాడి తప్పేం లేదు లెండి. ప్యారడైజ్ అనేది ముందు ఓ సినిమా హాలు. 1953లో ఆ హాలును అంటిపెట్టుకుని ఓ చిన్న కేఫ్ మొదలయింది. సినిమాకొచ్చినవాళ్ళకి చాయ్ అందించిన ఆ కేఫే పెరిగి పెరిగి పెద్ద హోటలయింది. హాలు మాత్రం ఎప్పుడో మాయమయింది. అయితేనేం? 2017 నవంబర్‌లో మెట్రో రైలు మొదలయినప్పుడు అక్కడి స్టేషనుకి ఆ పేరే దక్కింది. తెరలేని సినిమా హాలు పేరు రోజుకి ఎన్ని వేలమంది నోళ్ళలో నానుతోందో చూశారా!

హాలు పోయినా పేరు పోలేదు

ఇదొక్కటేనా? హిమాయత్‌నగర్ దగ్గర 'లిబర్టీ' దగ్గర దిగుతాను అంటారు జనం. ఆ చౌరస్తాకి పేరిచ్చిన లిబర్టీ టాకీసు లేదిప్పుడు. అమీర్‌పేటలో సత్యం థియేటర్ ముందు కలుసుకుందాం అనుకుని కలుసుకున్న స్నేహితులెందరో, మొదటిసారి మాట కలిపిన జంటలెన్నో! సత్యం పడగొట్టారు. ఆ చోట 2023 జూన్‌లో తళతళలాడే మల్టీప్లెక్సు వెలిసింది. అయినా ఆ వీధిలో పాతకాపుల్ని దారి అడిగి చూడండి, "సత్యం థియేటర్ దగ్గర" అనే చెబుతారు.

విశాఖ వెళ్ళండి. జగదాంబ సెంటర్ అంటే తెలియనివాడు లేడు, ఆ పేరు సినిమా హాలుదే. గుంటూరు రండి. నాజ్ సెంటర్ అన్నది సినిమా హాలు పేరు, శంకర్‌విలాస్ సెంటర్ అన్నది హోటలు పేరు. బెజవాడలో అలంకార్ సెంటర్, తిరుపతిలో లీలామహల్ సర్కిల్... మన తెలుగువాళ్ళు పట్నాలకి దారులు వేసుకున్నది సినిమా హాళ్ళ పేర్లతోనే కదా!

పేరు కూడా మిగలనివీ వున్నాయనుకోండి. మన తెలుగు సినిమాకి పితామహుడు రఘుపతి వెంకయ్య. ఆయన 1914లో మద్రాసులో గెయిటీ అని హాలు కట్టారు. దక్షిణాదిన భారతీయుడు కట్టించిన తొలి సినిమా హాలు అదేనంటారు. దాన్నీ కూల్చేశారు. ఇవాళ ఆ దారిన పోయే కుర్రకారుకి గెయిటీ అంటే ఏమిటో ఎవరు చెప్పాలి?

ఇవన్నీ చెప్పుకుపోతుంటే మావాడు ఉన్నట్టుండి ఓ ప్రశ్న వేశాడు. "సరే బాబాయ్, పట్నాల సంగతి బాగానే వుంది. మరి మా ఊళ్ళో? మా ఊళ్ళో సినిమా హాలే లేదుగా! వినుకొండ పోవాల్సిందేగా ఎప్పుడూ?"

చూశారా, అసలు సంగతి అక్కడుంది.

హాలు లేని ఊళ్ళో సినిమా

నూజెండ్ల వైపు పల్లెలకి దగ్గర పట్నం వినుకొండ. వర్షాన్ని నమ్ముకున్న నేలలు, గుండ్లకమ్మ వాగు, ఎర్రటి ఎండ. బస్సు సరిగ్గా దొరకని రోజుల్లో ఆడవాళ్ళూ పిల్లలూ ముసలీముతకా పట్నం పోయి సినిమా చూసి రాత్రికి ఇల్లు చేరడం అంటే మాటలా? అందుకే, జనం సినిమా దగ్గరికి పోలేని చోటికి సినిమాయే జనం దగ్గరికి వచ్చింది. అదే టూరింగ్ టాకీసు. పల్లెటూళ్ళలో ముద్దుగా 'డేరా సినిమా'.

పంటలు ఇంటికొచ్చాక, ఊరి చివర బీట్లో గుంజలు పాతేవారు. పైన గుడారపు గుడ్డ. చుట్టూ తడికలో, టార్పాలిన్లో. ఓ కొసన తెల్లటి తెర. మరో కొసన మిషను గది. ఊరికి కరెంటు లేకపోతే ఆయిలింజను వాళ్ళే తెచ్చుకునేవారు. లైసెన్సు కొన్నాళ్ళకే కాబట్టి ఆ గడువు తీరగానే డేరా పీకి మరో ఊరు.

పగలు ఆటలుండేవి కావు. ఎందుకంటారా? డేరాలోకి వెలుతురు జొరబడితే తెరమీద బొమ్మ కనపడదు గదా! అందుకని పొద్దుగూకాకే ఫస్టు షో. ఆ తర్వాత సెకండు షో. సాయంత్రం మైకులో రికార్డులు మొదలయ్యేవి. ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట వినపడిందంటే, ఇంక ఆట మొదలవబోతోందన్న మాట! పొలాన్నుంచి వచ్చినవాడు కాళ్ళు కడుక్కుని గబగబా నాలుగు ముద్దలు మింగి పరుగు. ఇంట్లో దీపం ఆర్పారో లేదో కూడా గుర్తుండేది కాదట!

టిక్కెట్లలో మూడు తరగతులు. నేల, బెంచీ, కుర్చీ. నేల టిక్కెట్టు వాడిదే అసలు దర్జా! ఇసక పోగుచేసుకుని గుట్టగా పేర్చి దానిమీద కూర్చునేవాడు. వెనకవాడు "ఒరేయ్, తల వంచరా!" అనేవాడు. వీడు ఇంకాస్త ఇసక ఎత్తేవాడు. మధ్యలో అడ్డుగుడ్డ కట్టి అటుపక్క ఆడవాళ్ళు. చంకలో పిల్ల, కొంగులో వేరుశనక్కాయలు.

రీలు మారేదాకా ఓపిక పట్టండి

ఇవాళ మీటనొక్కితే సినిమా. అప్పుడదో పెద్ద యంత్రాంగం! ఫిల్ము మిషనులో నిమిషానికి 90 అడుగుల చొప్పున పరుగెత్తుతుంది. అంటే వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. మూడు గంటల చిత్రానికి ఎన్ని అడుగులు కావాలో లెక్కేయండి... 16,200 అడుగులు! దాదాపు ఐదు కిలోమీటర్ల ఫిల్ము, రీళ్ళుగా చుట్టి, రేకు డబ్బాల్లో పెట్టి, పెట్టెకెత్తి, బెజవాడ గాంధీనగర్‌లోని పంపిణీదారుల ఆఫీసుల నుంచి రైళ్ళెక్కి, బస్సులెక్కి, ఆఖరికి ఎడ్లబండెక్కి పల్లె చేరేది. పెట్టె వచ్చిందా రాలేదా అన్నదే ఆ రోజుకి ఊరంతటికీ వార్త!

హాళ్ళలో రెండు మిషన్లుండేవి. ఒకదాని రీలు అయిపోగానే రెండోది అందుకునేది. డేరాలో చాలాచోట్ల వున్నది ఒక్కటే మిషను. అందుకని రీలు అయిపోయిందంటే తెర తెల్లబోయేది, లైట్లు వెలిగేవి. పట్నంలో ఒక్క ఇంటర్వెలు అయితే పల్లెలో మూడో నాలుగో! హీరో విలన్ని కొట్టబోతూ చెయ్యెత్తిన చోటే రీలు అయిపోతే చూడాలి, ఈలలు, కేకలు! ఆ సందులోనే గోలీసోడాల వ్యాపారం, పాటల పుస్తకాల అమ్మకం.

మిషనులో దీపం అంటే బల్బు అనుకునేరు. రెండు కార్బను కడ్డీల మధ్య భగ్గున మండే నిప్పు వెలుగు. కడ్డీలు కరిగేకొద్దీ ఆపరేటరు వాటిని దగ్గరికి జరుపుతూ వుండాలి. చెయ్యి ఏమరిస్తే తెర మసకబారుతుంది. అప్పుడు నేల టిక్కెట్ల నుంచి వచ్చే ఆశీర్వచనాలు ఇక్కడ రాయదగ్గవి కావు!

కొత్త చిత్రం పట్నాలన్నీ తిరిగి తిరిగి ఇక్కడికి వచ్చేసరికి ప్రింటు అరిగిపోయి గీతలు పడేది. తెరమీద ఎప్పుడూ వాన కురుస్తున్నట్టే వుండేది. వానచుక్క కోసం ఆకాశం కేసి చూసే నేలమీద కూర్చుని, తెరమీద మాత్రం రోజూ వాన చూశారు మనవాళ్ళు! 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూరకర్ణ' దాదాపు నాలుగ్గంటల చిత్రం. దానికి రీళ్ళు మార్చే విరామాలు కూడా కలుపుకోండి. సెకండు షో వదిలేసరికి కోడి కూసే వేళయ్యేది!

మర్నాడు పొద్దున్నే పిల్లలు మిషను గది వెనక వెతుకులాట. తెగిన ఫిల్ము ముక్కలు దొరికితే మాణిక్యాలు దొరికినట్టే. మాడిపోయిన బల్బు గుండులో నీళ్ళు పోసి, గది తలుపులు మూసి, కిటికీ సందులోంచి అద్దంతో ఎండ లోపలికి పంపి, ముక్కని అడ్డంపెడితే గోడమీద రామారావు, సావిత్రి! తలకిందులుగా వస్తే ముక్కని తిప్పి పట్టుకోవడమే. కటకం సూత్రం బళ్ళో మేష్టారు చెప్పకముందే మన పల్లెల పిల్లలు గోడమీద చూసేశారు.

జాషువా చేసిన ఉద్యోగం

"ఆ డేరాల్లో మాటలు సరిగ్గా వినపడేవా బాబాయ్?" అన్నాడు మావాడు. అన్నట్టు, సినిమాకి మాటలే లేని రోజులున్నాయి. 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చేదాకా తెలుగు తెరకి మాట రాలేదు. మూకీల రోజుల్లో తెరపక్క ఒక మనిషి నిలబడి, బొమ్మ కదులుతుంటే కథనీ సంభాషణల్నీ గొంతెత్తి చెప్పేవాడు. 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో ఆ ఉద్యోగం చేసిన ఓ యువకుడెవరో తెలుసా? వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా! 'గబ్బిలం' రాసిన మహాకవి. పొట్టకూటికి ఎన్నో ఉద్యోగాలు చేసిన ఆయన, సినిమాకి గొంతయి కూడా నిలబడ్డారన్న మాట. నూజెండ్లవాళ్ళు సినిమాకని పోయే వినుకొండకీ, సినిమాకీ చుట్టరికం ఈనాటిది కాదు!

జాషువా పేరు వచ్చింది కాబట్టి ఓ మాట. కులం పేరు చెప్పి మనిషిని గడప అవతల నిలబెట్టిన అవమానాలు ఆయన పడ్డారు. ఆ కాలపు పల్లెలో అందరూ కలిసి ఒక్కచోట కూర్చునే తావు ఎక్కడుందో చెప్పండి? గుళ్ళో కాదు, బావి దగ్గర కాదు, రచ్చబండ మీద కాదు. డేరాలో టిక్కెట్టు ఇచ్చేవాడు అడిగింది డబ్బులే. అన్ని ఊళ్ళలోనూ ఇది సాఫీగా జరిగిపోయిందని నేననను. వెనక కుర్చీలెవరివో, ముందు నేల ఎవరిదో డబ్బే తేల్చినా, ఆ డబ్బు ఎవరి దగ్గరుందో మనకి తెలియనిది కాదు. అయినా దీపాలారిపోయాక ఆ చీకట్లో అందరూ ఒక్క బొమ్మకే నవ్వారు, ఒక్క బొమ్మకే ఏడ్చారు.

పల్నాటి కథలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని చెప్పుకుంటాం. అన్ని కులాలవాళ్ళూ ఒక్క చాపమీద కూర్చుని అన్నం తినడం. ఆ కథ రెండుసార్లు 'పల్నాటి యుద్ధం' పేరుతోనే తెరకెక్కింది. 1947లో వచ్చినదాన్ని గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టారు. ఆయన కన్నుమూశాక ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశారు. 1966లో ఎన్.టి. రామారావు, భానుమతి నటించింది రెండోది. వీరుల గుళ్ళు వున్న కారెంపూడి మన పల్నాడులోనే వుంది. ఆ వీరుల కథ మన గడ్డమీద, మన ఇసకలో, అందరూ ఒక్కచోట కూర్చుని చూడటం... అదీ ఓ చాపకూడే కదూ?

డేరా చుట్టూ ఇంకెన్నో

డేరాతో పాటు పోయినవి ఇంకా వున్నాయి. పంచాయతీ రేడియో సంగతి మీలో ఎంతమందికి తెలుసు? పంచాయతీ ఆఫీసు గోడకి లౌడుస్పీకరు. సాయంత్రమయితే దానికింద జనం. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం నుంచి 'సంక్షిప్త శబ్దచిత్రం' వస్తే, సినిమా చూడనివాళ్ళు కూడా చెవులతో చూసేసేవారు! టీకొట్టు బల్ల, మంగలి షాపులో అట్టలు చిరిగిన సినిమా పత్రికలు, సినిమా కరపత్రాలు విసురుకుంటూ పోయే బండి వెనక పిల్లల దండు... ఏ బొమ్మ బాగుందో, ఏ హీరో గొప్పో, తేల్చే కోర్టులన్నీ ఇవే. తీర్పులో కొట్లాటలు కూడా వుండేవనుకోండి!

ఎవరు ఎత్తేశారు?

మరి డేరా ఏమయింది? ఒక్కరోజులో పోలేదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో పాటే రంగుల టీవీ వచ్చింది. ఆ పైన వీడియో వచ్చింది. డెక్కు, టీవీ అద్దెకి తెచ్చి తెల్లవార్లూ మూడు సినిమాలు వేసేవారు, పెళ్ళికీ పేరంటానికీ కూడా! 1987 నుంచి ఆదివారం పొద్దున దూరదర్శన్లో రామాయణం. ఊళ్ళో టీవీ వున్న ఇంటి ముందే జనమంతా. 1995లో తెలుగులో ప్రైవేటు ఛానళ్ళు మొదలయ్యాయి. సినిమా ఇంట్లో వుచితంగా ఆడుతుంటే ఇసకలో ఎవడు కూర్చుంటాడు చెప్పండి?

ఇక 2010 దాటాక ఫిల్మే పోయింది. సినిమా డిజిటల్ అయింది. రేకు డబ్బాలు లేవు, రీళ్ళు లేవు, పెట్టె కోసం బస్‌స్టాండులో కాపు కాయడాలు లేవు. పట్నాల్లో పెద్ద పెద్ద హాళ్ళే తట్టుకోలేక ఫంక్షను హాళ్ళు అయ్యాయి, గోడౌన్లు అయ్యాయి. 2020లో కరోనా వచ్చి తాళాలు వేయిస్తే కొన్ని మళ్ళీ తెరుచుకోనేలేదు.

కొత్తది వచ్చింది, పాతది పోయింది. దానికి కన్నీళ్ళు పెట్టుకోమని నేననడంలేదు. మన సెల్‌ఫోన్లో సినిమా చూసే సుఖం మనకీ బాగానే వుందిగా! నా బాధ ఇంకొకటి. పట్నంలో హాలు పోతే బస్‌స్టాపుకి పేరు మిగులుతుంది. ఇటికెలు, పునాది, ఫొటో... ఏదో ఒకటి. డేరాకి పునాదే లేదు. గుంజలు పీకి గుంటలు పూడ్చి మళ్ళీ నాగలి దున్నేస్తే ఆ చోట సినిమా ఆడిందని చెప్పేదేముంది? మనుషులే చెప్పాలి. ఆ మనుషులు ఇప్పుడు ముసలివాళ్ళు.

ఓ ఫోను కాలు

మెట్రో దిగాం. మావాడు నడుస్తూ నడుస్తూ ఆగి, ఫోను తీసి ఊళ్ళో నాయనమ్మకి కలిపాడు. స్పీకరు పెట్టాడు.

"నాయనమ్మా, మన ఊరికి డేరా సినిమా వచ్చేదా?"

"ఏందిరా అయ్యా, ఈ యేళప్పుడు ఇదేం ప్రశ్న? రాకేం! చెరువుకట్ట కింద బీట్లో ఏసేవాళ్ళు. ఇప్పుడు ఆ సెల్లు టవరు లేదూ... ఆడనే."

"నువ్వు చూశావా?"

"చూడకేం! మీ తాతేగా టిక్కెట్లు చింపేది!"

మావాడు నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. వాడికి తెలిసిన తాత మిరపచేను తాత. కర్ర పట్టుకుని అరుగుమీద కూర్చునే తాత. వాడు ఎనిమిదో తరగతిలో వుండగా పోయారు. డేరా మా ఊళ్ళో వున్నన్నాళ్ళూ ఆయన గేటు దగ్గర నిలబడి టిక్కెట్లు చింపేవారట. కూలి కాక, ఇంటిల్లిపాదికీ నేల టిక్కెట్టు వుచితం.

"నాకెందుకు చెప్పలేదు నాయనమ్మా?" అన్నాడు. గొంతు కాస్త మారింది.

"నువ్వడిగితేగా!" అంది ఆవిడ. అని వూరుకోలేదు. ఏ సినిమాలో ఎవరు ఏడ్చారో, ఏ రాత్రి గాలివానకి గుడారం లేచిపోతే తాతగారు గుంజ పట్టుకుని వేలాడారో, మిషను ఆపరేటరు అబ్బాయికి మూడుపూట్లా తన ఇంట్లోంచే కూడు పంపిందో... ఇరవై నిమిషాలు చెప్పింది. మావాడు ఓ అరుగుమీద కూలబడి వింటూనే వున్నాడు. మేం వెళ్ళాల్సిన సినిమా ఆట అక్కడ మొదలయిపోయింది కూడా. ఎవరికి గుర్తుంది?

ఇప్పుడు మావాడు సెలవులకి ఊరెళ్ళినప్పుడల్లా ఓ నోటుపుస్తకం పట్టుకుని తిరుగుతున్నాడు. డేరా ఎక్కడ వేసేవారు, చివరిసారి ఎప్పుడొచ్చింది, మిషను ఎవరు తిప్పేవారు... అడిగి రాసుకుంటున్నాడు. సెల్లు టవరు పక్కన నిలబడి ఫొటో కూడా తీసుకున్నాడు. ఇద్దరు పెద్దాయనలు మాత్రం డేరా అక్కడ కాదు, వాగు అవతల అని గట్టిగా వాదిస్తున్నారట. ఇంకా తేలలేదు.

మీ ఊళ్ళో డేరా ఎక్కడుండేదో మీకు తెలుసా? తెలియకపోతే ఈ పత్రిక పక్కనపెట్టి, ఇవాళ రాత్రికే మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. సినిమా రేపు చూడొచ్చు లెండి!